పండుగప్పలు ఎటు పోయినట్టు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా లంకలో జనం ఒకరి కూరగిన్నెల్లోకి ఒకరు తొంగిచూసుకుంటూ గడిపారు. దానికి కారణం పండుగప్పలు. ఈ సంగతి చెబితే మా మనవలు నవ్వుతారు, చేప పోతే అంత గొడవా అంటారు. ఆ రోజుల్లో మాకు చేప అంటే ఒక్క కూరే కాదు. బియ్యం, బట్ట, కిరసనాయిలు, అన్నీ దాన్లోంచే రావాలి.

మాది కొల్లేటి నడుమ మిట్ట మీద ఉన్న ఊరు. చుట్టూ నీళ్లే. ఏలూరు వెళ్లాలంటే దోనె ఎక్కాలి, దిగాక మోకాలి లోతు బురదలో నడవాలి. ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లం కలిసి, సరస్సును సముద్రంతో కలిపే ఉప్పుటేటి వైపు నీళ్లు జారే పాయకు అడ్డంగా వెదురు తడికెలతో కట్టు కట్టేవాళ్లం. పడిన చేపల్లో చిన్నవాటిని ఏ పూటకాపూట పంచుకునేవాళ్లం. పెద్దవాటిని మాత్రం గట్టు పక్కనే నీళ్లలో తడికెలతో కట్టిన దొడ్డిలో ప్రాణంతో ఉంచేవారు. వర్తకుడి పడవ వచ్చి వాటిని ఏలూరు పట్టుకుపోయేది. అక్కణ్ణించి రైలెక్కి కలకత్తా దాకా పోతాయని చెప్పుకునేవారు. వచ్చిన డబ్బు అన్ని ఇళ్లకూ సమానం.

ఆ దొడ్డికి కాపలా మా తాతయ్య, మా నాన్నకు నాన్న. కీళ్లు పట్టేసి వల లాగలేని స్థితికి వచ్చాక ఊరివాళ్లే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టారు. గట్టు మీద తాటాకు పందిరి, దాని కింద నులకమంచం. పగలంతా అక్కడే. ఊళ్లోకి వచ్చేది తక్కువ, వచ్చినా మాట్లాడేది ఇంకా తక్కువ.

తొలకరి వానలు పడి, ఏళ్లలోంచి ఎర్రనీళ్లు సరస్సులోకి దిగే రోజుల్లో పండుగప్పలు పడటం మొదలయ్యేది. సముద్రపు చేప అది. పిల్లగా ఉన్నప్పుడు ఉప్పుటేరు మీదుగా పైకి వచ్చి మా కొల్లేట్లో పెరుగుతుంది. వెండిలా తెల్లటి ఒళ్లు, వెడల్పాటి నోరు. పెద్దదైతే నా నడుం దాకా వచ్చేది. ఒక్క పండుగప్ప పడితే ఆ పూట ఊళ్లో ఆడవాళ్ల మొహాలు కూడా తేటపడేవి.

ఆ ఏడు అవి మాయమవుతూ వచ్చాయి. పొద్దున్న దొడ్డిలో ఉన్నది సాయంత్రానికి ఉండేది కాదు. మొదటిసారి తాతయ్య "నీటికుక్క ఎత్తుకుపోయింది" అన్నాడు. తడికె కింద దూరి చేపల్ని తినే జంతువు అది, మా దగ్గర కొత్తేమీ కాదు. ఊరు నమ్మింది. మళ్లీ పోయింది. మళ్లీ అదే మాట. అప్పుడు మగవాళ్లు గట్టంతా వెతికారు. నీటికుక్క తింటే తలో, ముల్లో, కనీసం పొలుసులో మిగలాలి. ఏమీ దొరకలేదు. చిన్న చేపలన్నీ ఉన్నాయి, పెద్ద పండుగప్పలే పోయాయి.

అక్కణ్ణించి ఊరి చూపు మా పక్కింటి మీద పడింది.

ఆ ఇంట్లో ఉండే ఆవిణ్ణి నేను పిన్ని అనేదాన్ని. ఆవిడ మొగుడు కూలికని రంగూన్ వెళ్లి ఏళ్లయింది, కబురు లేదు. ఆవిడ తడికెలు అల్లి, ఉప్పుచేప ఎండబెట్టి కూతుర్ని పెంచుకుంటోంది. తడికె అల్లడం తెలిసినవాళ్లకు విప్పడమూ తెలుస్తుంది గదా అని ఒకరు అన్నారు. దొడ్డికి అందరికంటే దగ్గర ఇల్లు ఆవిడదేనని, మధ్యాహ్నం తాతయ్య కునుకు తీసేప్పుడు వచ్చి ఉంటుందని ఇంకొకరు అన్నారు. ఇంతలో వాళ్లమ్మాయి కొత్త పరికిణీ కట్టుకుని కనిపించింది. ఆకుపచ్చ పరికిణీ, అంచుకి పసుపు గీత. గణపవరంలో మేనమామ పెట్టాడని ఆ పిల్ల చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"పరికిణీలు ఊరికే వస్తాయా" అంది మా అమ్మ పొయ్యి ఊదుతూ. మర్నాటి నుంచి ఆ పిల్లతో ఆడుకోవద్దంది. నేను ఆడుకోవడం మానేసి, వాళ్లింటి వైపు చూడటం మొదలుపెట్టాను. పిన్ని బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తే అందులో ఏముందోనని చూసేదాన్ని. పొగ లేస్తే ఏం వండుతోందోనని వాసన పట్టేదాన్ని. అలా కనిపెట్టి ఉంటే మామూలు పనులు కూడా దొంగపనుల్లాగే కనిపిస్తాయి. ఆవిడ నూతి దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఎందుకు చూసిందా అనుకున్నాను. ఆవిణ్ణి ఊరంతా చూస్తోందని, అందుకే చూసిందని నాకు తట్టలేదు.

చివరికి పెద్దలు ఒక మాట అనుకున్నారు. పిన్ని అమ్మవారి గుడి ముందు, కూతురి తల మీద చెయ్యి పెట్టి, తను తియ్యలేదని ప్రమాణం చెయ్యాలి. మా ఊళ్లో అంతకు మించిన శిక్ష లేదు. ఆ తర్వాత పిల్లకు చిన్న జ్వరం వచ్చినా, అమ్మ అబద్ధమాడింది గనకే అంటారు. ఆ మాట ఆవిణ్ణి బతికినంతకాలం వెంటాడుతుంది.

ప్రమాణం ఆ సాయంత్రమే. మధ్యాహ్నం నేను తాతయ్యకు అన్నం పట్టుకెళ్లాను. చినుకులు పడుతున్నాయి, గట్టు మీద మనుషులు లేరు. పందిరి కింద మంచం ఖాళీగా ఉంది. దొడ్డి వైపు చూస్తే తాతయ్య నడుం లోతు నీళ్లలో ఉన్నాడు. తడికె ఒకటి పక్కకు తీసి ఉంది.

నేను తుంగలో కూర్చుండిపోయాను. దొంగ మా తాతయ్యే. ఇప్పుడు ఎవరిదో దోనె వస్తుంది, చేపను అందులో వేస్తాడు అనుకుని నీళ్ల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. ఏ దోనే రాలేదు. తాతయ్య చేతుల మధ్య పెద్ద పండుగప్ప ఉంది. దాని పొట్ట కింద చెయ్యి ఆనించి, పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుని, కట్టు దాటించి అవతలి పాయలోకి నడిపించాడు. అది కాసేపు కదల్లేదు. ఆయనా కదల్లేదు. తర్వాత తోక ఒక్కసారి కొట్టి, ఆయన మొహం మీద నీళ్లు చల్లి వెళ్లిపోయింది.

తడికె సర్ది గట్టెక్కిన తాతయ్య నన్ను చూశాడు. కోప్పడలేదు. పక్కన కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అదెక్కడికి పోతుంది తాతయ్యా?"

"సముద్రానికి. కొత్తనీరు తగిలితే దానికి అక్కడికి పోవాలని ఉంటుంది. కడుపు నిండా గుడ్ల జన ఉంది, అవి అక్కడే పెట్టాలి. ఇన్నేళ్లలో నేను కోసిన పెద్ద పండుగప్పల్లో మగది ఒక్కటీ లేదమ్మా. పెద్దవన్నీ తల్లులే. నా చిన్నతనంలో పడినన్ని ఇప్పుడు పడట్లేదు."

"మరి నీటికుక్కన్నావుగా?"

తాతయ్య తువ్వాలు పిండుకున్నాడు.

"పిన్ని తీసిందంటున్నారు తాతయ్యా. ఈ సాయంత్రం వాళ్లమ్మాయి తల మీద ఒట్టేయిస్తారంట."

ఆయన నా వైపు తిరిగాడు. ఊళ్లో నడుస్తున్నది ఆయనకు ఏమీ తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. నీటికుక్క మాట అందరూ నమ్మేశారనుకుని నిశ్చింతగా ఉన్నాడాయన. "ఎవరన్నారు?" అని అడిగాడు. అందరూ అంటున్నారన్నాను. మా అమ్మ కూడానా అన్నాడు. తలూపాను. అన్నం మూట విప్పకుండానే నాకు తిరిగిచ్చి, కర్ర అందుకుని లేచాడు.

ఆ కీళ్లతో బురదలో నడవడం ఆయనకు ఎంత కష్టమో నేను పక్కనే నడుస్తూ చూశాను. రెండుచోట్ల జారాడు, నా భుజం పట్టుకున్నాడు. మేము చేరేసరికి గుడి ముందు జనం గుమిగూడి ఉన్నారు. కర్పూరం వెలుగుతోంది. పిన్ని చెయ్యి కూతురి తల మీదికి వెళ్తోంది. ఆ పిల్ల పాత గౌను వేసుకొచ్చింది.

"ఆగండి" అన్నాడు తాతయ్య. "ఆ పిల్ల తల్లి తియ్యలేదు. నీటికుక్కా కాదు. నేనే వదిలేశాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. "వదిలేశావా, అమ్మేశావా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. నేను చూశానని చెప్పాను. మనవరాలు కాక ఇంకెవరు చెబుతారు అన్నారు. తాతయ్య జన సంగతి, సముద్రం సంగతి చెప్పాడు. ఒకాయన అడ్డుతగిలి, "మనం వదిలితే ఉప్పుటేటి కింద ఊళ్లవాళ్లు పట్టుకుంటారండీ. వాళ్లింట్లో కూరకా మనం ఇంత కష్టపడేది?" అన్నాడు.

"పట్టుకుంటారేమో. అన్నిటినీ పట్టుకోలేరు గదా" అన్నాడు తాతయ్య.

ఊరిపెద్ద మా తాతయ్యకు స్వయానా బావమరిది. ఆయన గొంతు పెంచకుండా అన్నాడు. "బావా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ చేప నీది కాదు, అందరిదీ. వదిలేముందు అడగాలి గదా."

"అడిగితే మీరొప్పుకోరు."

"ఒప్పుకోమని తెలిసే గదా నీటికుక్క పేరు చెప్పావు."

అంతలో పిన్ని ముందుకొచ్చింది. ఏడవలేదు. "చేపని వదిలిపెట్టారు మావయ్యగారూ, మంచిపనే. నన్ను మాత్రం వలలో ఉంచేశారు" అని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆవిణ్ణి ఆపడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

తాతయ్యను కాపలా నుంచి తీసేశారు. ఆ ఏటికి మా ఇంటి వాటా పోయింది. తిండి దగ్గర అందరం కష్టపడ్డాం. మర్నాడే తాతయ్య పక్కింటి వాకిట్లో నిలబడి తప్పయిందమ్మా అన్నాడు. "కూర్చోండి మావయ్యగారూ" అని పీట వేసింది పిన్ని. మంచినీళ్లిచ్చింది. మా అమ్మ వెళ్తే పీట కూడా వెయ్యలేదు.

మరుసటి ఏడు తొలకరికి తాతయ్య పెద్దల దగ్గరికి వెళ్లి, "నా వాటాకు బదులు కట్టులో పడిన ఒక్క పెద్ద పండుగప్పను నాకివ్వండి, అందరి ముందూ వదులుకుంటాను" అని అడిగాడు. ముసలాడికి పిచ్చి అన్నారు, చివరికి ఇచ్చారు. మిట్టమధ్యాహ్నం ఊరంతా గట్టు మీద చేరింది. ఆయన నీళ్లలోకి దిగబోతుంటే కూడా ఇద్దరు కుర్రాళ్లు దోనె వేసుకుని ముందే పాయ మలుపు దాకా వెళ్లారు, అక్కడ ఆయన మనుషులెవరైనా వల పట్టుకుని కాచుకున్నారేమోనని. ఎవరూ లేరని వాళ్లు కేకేశాకే తాతయ్య చేప మీంచి చేతులు తీశాడు.

జనం చెదిరిపోతుంటే పిన్ని ఆయన దగ్గరికి వచ్చి, గట్టెక్కడానికి చెయ్యి అందించింది. "ఈసారి అందరం చూశాం లెండి" అంది. ఆ సాయంత్రం వాళ్లమ్మాయి మా వాకిట్లోకి ఆడుకోవడానికి వచ్చింది.

ఆ తర్వాత ఏటేటా ఒకరిద్దరు తమ వాటాలోంచి ఒక చేపను వదిలేవారు. చాలామంది వదిలేవారు కాదు. వాటివల్ల కొల్లేట్లో పండుగప్పలు పెరిగాయో లేదో నాకు తెలియదు, తాతయ్యకీ తెలియదు.

పెద్దయ్యాక నేను తాడేపల్లిగూడెంలో బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. తరగతిలో వస్తువు పోయిందంటే ఏ పిల్ల సంచీ వైపూ చూడనిచ్చేదాన్ని కాదు. ముందు అడగాలి, అదీ సూటిగా అడగాలి అనేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నా దగ్గరికొచ్చి, మూడో కంటికి తెలియకుండా ఒక మంచిపని చేశానండీ అంటే సంతోషిస్తాను. కానీ వెంటనే నా మనసు పక్కవాకిలికి పోతుంది. ఆ మంచి వల్ల అనుమానం అక్కడ ఎవరి మీద పడిందోనని, ఆ మాట కూడా అడిగేదాకా నాకు నిమ్మళం ఉండదు.