కాళ్ళు ముందా, తల ముందా

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను మహారాష్ట్ర సరిహద్దులోని అహేరి నుంచి సిరొంచ శిక్షణ కేంద్రానికి పంపారు. ఏళ్ళ తరబడి ఆంబులెన్స్‌లో పారామెడిక్‌గా పనిచేసి నడుం అరగ్గొట్టుకున్నవాణ్ణి. ఇక మోయడం మాని, మోయడం నేర్పమన్నారు. పారామెడిక్ అంటే డాక్టరు చేతికి అందేదాకా రోగి ఊపిరిని కాపాడే మనిషి. ఊపిరి సంగతి తర్వాత, శిక్షణలో మొదట నేర్పేది స్ట్రెచర్ ఎత్తడమే.

ఆ బ్యాచ్‌లో ఏటపల్లి నుంచి వచ్చిన స్వరూప ఉండేది. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. రెండోసారీ తప్పితే శిక్షణ నుంచి తీసేస్తారు. "ఇగ ఇంటికి పోతే బీడీలకు తునికాకు కట్టలు కట్టుడే సార్. మా అమ్మ చేతులు జూసిన్రా ఎన్నడన్న?" అనేది.

చివరి పరీక్షకు నాగపూర్ నుంచి ఒక అధికారి వచ్చారు. మడత నలగని చొక్కా, నియమం దాటని మనిషి. అప్పటిదాకా మేం కేంద్రం లోపలే సాధన చేసేవాళ్ళం. ఆయన మాత్రం నిజమైన ఇంట్లో పరీక్ష పెట్టాలన్నారు. పక్కనే ఉన్న రాజవ్వ ఇల్లు అడిగాను. నది ఒడ్డున వరి పండించే కుటుంబం. ఆమె వద్దనకపోగా అధికారికి చాయ్ కూడా ఇచ్చింది. రోగి వేషం మా డ్రైవర్ సలీం భాయ్‌ది. బండి మీంచి పడి కాలు విరిగిందనుకోవాలి. ఆయన దొరికిందే సందని, విరగని కాలు పట్టుకుని కూడా పెడబొబ్బలు పెట్టాడు.

నియమం ఏమిటంటే, చదునైన నేల మీద స్ట్రెచర్‌ను రోగి కాళ్ళు ముందుండేలా మోయాలి. అప్పుడు తల వైపు పట్టుకున్నవాడికి రోగి ముఖం కనిపిస్తుంది. వాంతి వచ్చినా, ఊపిరి తడబడినా వెంటనే తెలుస్తుంది. మంచి నియమమే. కానీ మా దిక్కున ఇంట్లోంచి కాళ్ళు ముందుగా బయటికి వెళ్ళేది శవమొక్కటే.

స్వరూప జట్టు గడప దగ్గరికి రాగానే రాజవ్వ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"ఏంది బిడ్డా గిది? బతికున్నోన్ని కాళ్ళు ముంగట వెట్టి తీస్తరా? నా ఇంట్లకెళ్ళి తియ్యనియ్య!"

సలీం భాయ్ మూలగడం ఆపి తలెత్తి చూశాడు. స్వరూప "తిప్పుండ్రి" అంది. తన పట్టు ఇంకొకరికి అప్పగించి, తాను పక్కన నడుస్తూ సలీం ముఖం మీదే కన్నేసి ఉంచింది. తల ముందుగా గడప దాటించారు.

అధికారి ఫెయిల్ అన్నారు. నాకొచ్చిన మరాఠీ అంతా ఖర్చుపెట్టి బతిమాలాను. మూఢనమ్మకాలకు మార్కులుండవన్నారు. స్వరూప నోరు మూతపడటం నేను చూసింది అప్పుడే. నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే నాకో గుణం ఉంది. కోపం ముదిరితే వినయం పుట్టుకొస్తుంది.

కేంద్రానికి తిరిగి వచ్చాక, బెల్టులు సరిగా బిగించారో లేదో పడుకున్నవారికే తెలుస్తుందని, తమరే ఒకసారి పరీక్షిస్తే ధన్యులమని విన్నవించాను. ఆయన ఆవరణలోనే బూట్లు విప్పి మరీ పడుకున్నారు. నియమం ప్రకారం కాళ్ళు ముందే. మిట్టమధ్యాహ్నం ఎండకు కళ్ళు మూసుకున్నారు. తెల్ల దుప్పటి గడ్డం దాకా నేనే కప్పాను. ఆ పని పాఠంలో లేదు. ఆంబులెన్స్‌ను బజారు చివర నిలపమని సలీం భాయ్‌కి సైగ చేశాను.

స్వరూప జట్టు స్ట్రెచర్ ఎత్తుకుని బజారులోకి నడిచింది. ఇక బజారు తన పని తాను చేసింది. సైకిల్ మీద వెళ్తున్నాయన దిగి చెప్పులు విడిచాడు. చాయ్ దుకాణంలో పాట ఆగింది. కిరాణా ఆయన షట్టర్ సగం దించాడు. అంతలో రాజవ్వ ఉరికొచ్చింది.

"అయ్యో కొడుకా! ఇప్పుడే గద నా ఇంట్ల చాయ్ తాగితివి! గింతల్నే పోతివా!"

ఆమె గుండెలు బాదుకుంటుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు అందుకున్నారు. ఎవరో కాళ్ళకు మొక్కారు.

పాదాలకు చెయ్యి తగిలేసరికి అధికారి కళ్ళు తెరిచారు. లేవబోయారు. బెల్టులు బ్రహ్మాండంగా బిగించి ఉన్నాయి. "మీ జివంత్ ఆహే!" అని అరిచారు, బతికే ఉన్నానని. సైకిలాయన చెప్పులు అక్కడే వదిలి పరుగు లంకించుకున్నాడు. రాజవ్వ కదల్లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "బతికుంటే మంచిదే నాయనా. గని జర తిప్పమని చెప్పు" అంది.

ఆయన స్వరూపతో "ఘుమావో" అన్నారు. తిప్పారు. బండి దగ్గర దిగాక ఆయనే ఒక షరతు పెట్టారు. ముఖం చూసే మనిషి పక్కన నడిస్తే, గడప దాటేవరకు తల ముందుండవచ్చు. స్వరూప చేసింది సరిగ్గా అదే కాబట్టి పాస్ చేశారు. నాతో మాత్రం బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

నాకు తెలిసొచ్చింది ఇదీ: ప్రాణం కాపాడాలంటే ముందు రోగిని గడప దాటించాలి. గడప దగ్గర పెత్తనం ఇంటివాళ్ళది. స్ట్రెచర్ ఎత్తకముందే వాళ్ళను అడగాలి.

రిటైరయ్యాక నాకు కిడ్నీలో రాయి నొప్పి లేచింది. ఫోన్ చేస్తే వచ్చిన బండిలోంచి స్వరూప దిగింది. నన్ను స్ట్రెచర్ మీదికి చేర్చి, బెల్టులు బిగించి, గడప దగ్గర ఆపింది.

"ఎట్ల తియ్యాలె సార్? రూలు ప్రకారమా, రాజవ్వ ప్రకారమా?"

"తలకాయనే ముంగట పెట్టు, తల్లీ."

తల ఊపి, తెల్ల దుప్పటి తీసి నా గడ్డం దాకా లాగబోయింది.

"వద్దు," అన్నాను. "నడుం దాక చాలు."