మొహం చాటెయ్యలేని ఎంపీ

తెలివితక్కువతనానికి మందు లేదు. ఉంటే ముందు నాకే చీటీ రాసుకుని, పరగడుపున మింగి ఉండేవాణ్ణి. మింగలేదు కాబట్టే ఎన్నికల్లో నిలబడ్డాను.

తాడేపల్లిగూడెంలో నాకు చిన్న ఆసుపత్రి ఉండేది. కడుపులు కోసి కుట్టడం నా వృత్తి. కుట్లు విప్పి పేషెంటును ఇంటికి పంపేటప్పుడు ఒక మాట అనడం నాకు అలవాటు: "ఇంక మళ్ళీ నా మొహం చూడక్కర్లేదండీ." అది వైద్యుడి ఆశీర్వచనం. ఆ మాట వినగానే ఆడవాళ్ళు కొంగు కళ్ళకద్దుకునేవాళ్ళు, మగవాళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ దణ్ణాలు చూసే ఒక పార్టీవాళ్ళు ఏలూరు పార్లమెంటు సీటుకు నన్ను దింపారు. దణ్ణాలన్నీ ఓట్లేనని వాళ్ళనుకున్నారు. నేనూ నమ్మాను.

మైకు ముందు నిలబడేదాకా భయమంటే ఏమిటో నాకు తెలియదు. ఆపరేషన్ థియేటర్లో ఎదుటివాడికి మత్తిస్తారు. సభలో అందరూ మెలకువగా ఉంటారు! మండవల్లిలో నా మొదటి సభ. రాసుకున్న కాగితం అరచేతి చెమటకు అలుక్కుపోయింది. ఎలాగో ముగించి దిగిపోదామని చేతులు జోడించాను. భయంలో నోరు తనకు తెలిసిన దారినే పోయింది.

"నన్ను గెలిపించండి చాలు. ఇంక మళ్ళీ నా మొహం చూడక్కర్లేదండీ!"

దూరాన చేపల చెరువుల్లో తిరిగే మోటార్ల చప్పుడు వినపడింది. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ తేరుకుంది.

"ఆ పని చేసేవాళ్ళని చూశాం గానండీ, ముందే చెప్పి మరీ చేసేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నామండీ!"

జనం గొల్లున నవ్వారు.

తెల్లారేసరికి నా మాట ఆటో ఎక్కింది. ఎదుటి పార్టీ తరఫున మైకు పట్టినాయనది కొల్లేటికోట. ఆకివీడులో చేపల వేలంపాట పాడతాడు. ఆయన గొంతెత్తితే లారీ హారన్లు సిగ్గుపడాలి. ముందు సభలో రికార్డు చేసిన నా గొంతు వినిపించి, వెనకాలే తన పాట అందుకునేవాడు.

"విన్నారాండీ? డాక్టరు గారే చెబుతున్నారండీ! కుట్లు విప్పాక డాక్టరు, ఓట్లు పడ్డాక ఎంపీ, కనపడతారాండీ? ఒకటోసారి రారండీ! రెండోసారి రారండీ! మూడోసారీ రారండీ! పాట ఖాయమండీ!"

ఏలూరులో ఏ వీధికి వెళ్ళినా నాకంటే ముందు నా మొహం గురించిన ఆ పాటే వెళ్ళేది. ప్రజల నాడి పట్టుకోమని పార్టీవాళ్ళు చెబుతుంటే, నేను నా నాడి పట్టుకుని కూర్చున్నాను. అది లెక్కకు అందడం లేదు. నా భయం ఓడిపోతానని కాదు, ఓడితే ఆసుపత్రి ఉంది. జనం ఆ మాట నిజమని నమ్మేస్తే మాత్రం, గెలిచినా ఓడినా ఈ చుట్టుపక్కల నాకు మొహం లేకుండా పోతుంది.

మా ఆవిడ పెరుగన్నం వడ్డిస్తూ తేల్చేసింది. "ఏవండీ, ఇంట్లో కూర్చుని వణికితే ఎలాగండీ? వెళ్ళి చూపించండి ఆ మొహమేదో."

వెళ్ళాను. మొదట ఆ పాటగాడి ఊరికే. చెరువు గట్ల మీద కారు, అటూ ఇటూ నీళ్ళు, ఎదురుగా చేపల లారీ. డ్రైవరు కారు వెనక్కి తీస్తున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాను. నాకు ఈత రాదు. ఎన్నికలనే కాదు, ఏదీ ఈదలేను.

ఊళ్ళో ఒక పెద్దాయన బనీను పైకెత్తి పొట్ట మీద మచ్చ చూపించాడు. "ఆయ్, ఈ కుట్లు మీవేనండీ. కుట్టయితే గట్టిగానే పడిందండీ, మాట సంగతే తేలాలి. వానలకి ఈ రోడ్డు మునిగిపోద్దండీ. అప్పుడొస్తారాండీ?"

చుట్టూ ఊరంతా నిలబడి నా నోటికేసి చూస్తోంది. "వస్తానండీ" అన్నాను. ధైర్యంతో కాదు. అంతమంది ముందు కాదనడానికి భయమేసింది.

బొటాబొటీగా గెలిచాను.

ఢిల్లీలో భయాలు మారాయి. పార్లమెంటులో బెల్లు మోగితే అర్జంటు కేసనుకుని లేచి నిలబడేవాణ్ణి. నేనేదో మాట్లాడబోతున్నానని అందరూ ఇటు తిరిగేవాళ్ళు. గబుక్కున కూలబడేవాణ్ణి. సమావేశాలు ముగియగానే సరాసరి కొల్లేటి ఊళ్ళకు పరుగు. మొహం కనపడలేదని ఎవరైనా అంటారేమోనని నా బెంగ. చివరికి జనమే విసిగిపోయారు. "మళ్ళీ వచ్చారాండీ? మొన్నేగదండీ వచ్చారు!"

ఆ తర్వాతి వానాకాలం నిజంగానే రోడ్డు మునిగింది. అధికారులు వద్దన్నారు. వాళ్ళ మాట వినాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కానీ ఊరంతా నా నోటికేసి చూసిన ఆ చూపు, నీళ్ళకన్నా ఎక్కువ భయపెట్టింది. మందుల పెట్టెలతో పడవ ఎక్కాను. నడిమధ్యకు వచ్చేసరికి గాలి తిరిగింది. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క తుట్టెలు పడవకు అడ్డంపడ్డాయి. ఒక పాము తల ఎత్తుకుని, నాకంటే నిబ్బరంగా ఈదుకుంటూ పోయింది. రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని, వచ్చిన మంత్రాలన్నీ, రానివి కూడా, చదివాను.

"పడవనంత గట్టిగా పట్టుకోకండి బాబూ," అన్నాడు పడవ నడిపేవాడు. "అదెక్కడికీ పారిపోదండి."

ఎలాగో ఊరు చేరి, బడిలో తలదాచుకున్నవాళ్ళను వరసగా చూస్తున్నాను. చివర, మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు మన పాటగాడు. పడవల కోసం వానలో అరిచి అరిచి గొంతు పోయిందట. నన్ను చూడగానే లేవబోయాడు.

"మీరే... వచ్చారాండీ..." అన్నాడు. గాలి తప్ప గొంతు లేదు.

"నోరు తెరవండి," అన్నాను. టార్చి వేసి చూశాను. ఎర్రగా వాచిపోయి ఉంది. ప్రమాదమేమీ లేదు. మాత్రలిచ్చి, గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని, ఒక్క మాట కూడా, గుసగుసగానైనా సరే, మాట్లాడకూడదని చెప్పాను.

ఆయన కళ్ళలో భయం కనపడింది. నాకు బాగా పరిచయమున్న భయమే.

"ఎన్నాళ్ళండీ?" పక్కనున్న వాళ్ళావిడ అడిగింది, ఆశగా.

వైద్యం ప్రకారం వారం చాలు. పదిహేను రోజులన్నాను.