ఆకు మీద చీమ

వెబ్‌సైట్లో ఎవరో అమ్ముతున్న టీషర్టు మీద ఆ చీమ కనిపించగానే గుర్తుపట్టాను. మా పాప నా బొమ్మ మీద పెన్సిల్‌తో గీకేస్తే, ఆ గీత కనపడకుండా ఆకు మీద నేను గీసిన చీమ అది. మన బొమ్మల్ని బట్టల మీద అచ్చువేసి అమ్మిపెట్టే సైట్ అది. నా మొదటి సంపాదన అక్కడే మొదలవుతుందనుకున్నాను. తీరా నేను పెట్టబోతే, ఈ డిజైన్ ముందే వేరేవాళ్ళ పేరున ఉందని తిప్పిపంపింది.

ఆ బొమ్మ గీసిన కాగితం ఇల్లు దాటి వెళ్ళింది ఒక్క చోటికే, భీమవరంలో మా వీధి చివరి నెట్ సెంటర్‌కి. అక్కడాయన స్కాన్ చేసే ముందు ప్రతిసారీ రుమాలుతో స్కానర్ అద్దం తుడిచేవారు. "మీ బొమ్మకి మరక పడకూడదండి," అనేవారు. ఆ శ్రద్ధ చూసే నమ్మాను.

సాయంత్రం వెళ్ళి అడిగాను. "ఈ చీమ నాదండి. ఇక్కడే కదా స్కాన్ చేశారు?"

"చీమలన్నీ ఒకేలా ఉంటాయి కదమ్మా!" అని నవ్వారు. స్కాన్ చేయడానికి ఏ కాగితమూ లేకపోయినా అద్దం తుడుస్తూనే ఉన్నారు. నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు గేమ్స్ ఆడుకుంటామని అక్కడికి బయల్దేరారు. వద్దన్నాను.

"ఏం? ఆ అంకుల్ మంచివారే కదమ్మా?"

"నాకింకా తెలీదమ్మా. తెలిసేదాకా వెళ్ళకండి," అన్నాను.