బొమ్మల్లో బిడ్డ

రాయపూర్‌లో నేను పెట్టిన మొదటి సోలో ఎగ్జిబిషనూ, చివరిదీ అదే. అందులోని బొమ్మల అర్థాన్ని మా ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు.

రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టర్ వెనక రేకుల వరండాలో రెండేళ్లు కూర్చుని వేసిన కాన్వాసులవి. ఒక్కొక్కటి గుమ్మం కంటే ఎత్తు. వాటిలో మనుషులు లేరు, ఇళ్లు లేవు. ఇటుకరంగు మీద బూడిదరంగు, దాన్ని గీకితే అడుగు నుంచి తేలే పసుపు. ఎందుకలా వేశావంటే రంగుల గురించి చెప్పగలను. అంతకుమించి వాటి వెనక కథేమీ లేదు.

ప్రారంభం రోజు హాలు నిండింది. హిందీ పత్రిక విలేకరి అన్నిటికన్నా పెద్ద బొమ్మ ముందు నిలబడి, "ఇస్‌మేఁ క్యా హై, మేడమ్?" అని, ఇందులో ఏముందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు. వర్క్‌షాపులో సూపర్‌వైజరు. నలుగురిలో మాట్లాడటమంటే సరదా.

"బచ్చా నహీఁ హువా న, సాబ్. వహీ దుఖ్ హై సబ్."

పిల్లలు పుట్టలేదు, ఆ దుఃఖమే ఇదంతా అని. హాలంతా వినపడేలా చెప్పాడు.

అప్పటిదాకా బుర్ర గోక్కుంటున్న వాళ్లందరికీ నా బొమ్మలు ఒక్కసారిగా అర్థమైపోయాయి. ఇటుకరంగు గర్భమట. బూడిదరంగు వెలితట. ఒకావిడ పసుపు మరకలో పసివాడి తల కనిపెట్టి, పక్కావిడకు వేలితో చుట్టి మరీ చూపించింది. విలేకరి నన్ను ఆ తల పక్కనే నిలబెట్టి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో నా పేరుకన్నా పెద్ద అక్షరాల్లో 'సూనీ గోద్ కే రంగ్' అని వేశారు. ఖాళీ ఒడి రంగులు. మా ఆయన ఆ పేపరు కాపీలు కొని వర్క్‌షాపులో పంచాడు.

"ఎందుకలా చెప్పారు?" అన్నాను.

"జనానికి ఏదో ఒకటి తెలియాల గదే. నేకపోతే నీ మరకలు చూడ్డానికెవడొస్తాడు?"

వెటకారం కాదు. నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు.

లోపం ఆయనదేనని పరీక్షల్లో తేలి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ రోజు డాక్టరు గది బయట నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో ఎవరికీ చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. అత్తగారు నన్ను పేరంటాలకు తీసుకెళ్లడం మానేసినప్పుడు కూడా చెప్పలేదు.

ఎగ్జిబిషన్ చివరి రోజు కాలనీలోని తెలుగువాళ్లంతా కలిసి వచ్చారు. ఆయన కింద పనిచేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. మా వెనక క్వార్టర్ పెద్దమ్మ తిన్నగా ఆ పసుపు మరక దగ్గరికి వెళ్లి చేత్తో నిమిరింది.

"ఓలమ్మా, ఇదేనేటే బిడ్డ? నీ కడుపు పండుంటే నీకీ బొమ్మలెందుకు తల్లీ?" అని కళ్లొత్తుకుంది.

మా ఆయన చేతులు కట్టుకుని, బాధ దిగమింగినట్టు తలూపాడు. ఆ తలూపడం చూశాక నేనింక ఆగలేకపోయాను.

"నా కడుపుకేటీ అవనేదు పెద్దమ్మా. నాకు పుడతారనే చెప్పాడు డాక్టరు. ఈయనకే పుట్టరు. ఎదురుగానే ఉన్నారు, అడుగు."

హాల్లో ఉన్న హిందీవాళ్లకు ముక్క అర్థం కాలేదు. అర్థం కావలసిన వాళ్లందరికీ అయింది. ఒక కుర్ర ఫిట్టరు గబుక్కున బొమ్మ వైపు తిరిగాడు. వెనక నుంచి వాడి భుజాలు కదలడం కనిపించింది. పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, ఈసారి మా ఆయన్నీ, బొమ్మనూ మార్చి మార్చి చూసింది. నా ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

ఆ తర్వాత వర్క్‌షాపులో ఆయన్నేమన్నారో నాకు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఇంటికే రావడం మొదలుపెట్టాడు.

ఆ పెద్ద బొమ్మ ఒక్కటే అమ్ముడుపోయింది. కొన్నావిడ డాక్టరు. పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే క్లినిక్ ఆవిడది. పేపరు చూసి వచ్చింది. వెయిటింగ్ రూములో పెడితే పేషెంట్లకు తమ కథే అనిపిస్తుందని చెప్పింది. నేను కాదనలేదు. దాన్ని తిరిగి ఇంటికి తెస్తే పెట్టుకునే గోడ లేదు.

ట్రాలీ ఆటోలో క్లినిక్‌కి వేసుకెళ్లి, ఆయనా నేనూ చెరో వైపు పట్టుకుని లోపలికి మోశాం. కుర్చీల నిండా జంటలు. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే, "పెహలీ బార్ ఆయే హైఁ? పతి కా నామ్ బతాయియే" అంది.

మొదటిసారి వచ్చారా, భర్త పేరు చెప్పండి అని.

కాన్వాసు అడ్డంగా ఉండటంతో ఆయన ముఖం నాకు కనబడలేదు. చట్రాన్ని పట్టుకున్న వేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"మిమ్మల్నే. పేరడుగుతోంది, చెప్పండి" అన్నాను.