మార్కులు చూసి నవ్విన పాపానికి

నవ్వడం ఎంత ప్రమాదమో మీకెవరికైనా తెలుసా? మొన్న శుక్రవారం మా అమ్మాయి మార్కులు చూసి నేను నవ్వాను. అంతే! సాయంత్రానికల్లా మా అత్తగారు, మరిది రెండు గంటల దూరంలోని తెలుక్ ఇంటాన్ ఊరి నుంచి కారేసుకుని క్లాంగ్‌లో మా ఇంటికి దిగిపోయారు.

దీనికంతటికీ మూలం మా హరిణి స్కూల్లో పేరెంట్స్ కోసం పెట్టిన ఆ దిక్కుమాలిన మీటింగు. సూటు బిగించుకుని ఒక మోటివేషన్ స్పీకర్ వచ్చాడు. "మార్కులు తక్కువొస్తే అరవకండి. గట్టిగా ఊపిరి పీల్చండి. నవ్వండి. నీకెలా అనిపిస్తోందని పిల్లల్నే అడగండి" అన్నాడు. అరవొద్దని చెప్పడానికి ఈయన ఇంట్లో అసలు పిల్లలున్నారో లేదో! కార్ పార్కులో కొడుకు చెవి మెలిపెట్టిన మహాతల్లి కూడా నా పక్కనే కూర్చుని తెగ తలూపింది. ఆవిడ సంగతి సరే, నాకు మాత్రం బుద్ధుందా? నేనూ ఊపాను.

శుక్రవారం హరిణి పరీక్ష పేపర్లు తెచ్చింది. ఫామ్ టూ, అంటే ఎనిమిదో తరగతి చదువుతోంది. లెక్కల్లో యాభై రెండు, హిస్టరీలో యాభై. ఫెయిలు కాదు, అలాగని నలుగురిలో చెప్పుకునేవీ కాదు. మామూలుగా అయితే నా గొంతు వీధి చివరి రోటీ కొట్టు దాకా వినిపించాలి. కానీ ఊపిరి పీల్చాను. నవ్వాను.

"పాలల్లో మైలో కలపనా నాన్నా? ఈ మార్కులు చూస్తే నీకెలా అనిపిస్తోంది?"

పిల్ల మొహం తెల్లబోయింది. "అమ్మా, ఆర్ యూ ఓకే?"

"నాకేం, బంగారంలా ఉన్నాను" అని ఇంకాస్త నవ్వాను. మైలో ముట్టకుండా మేడ మీదికి పరిగెత్తింది. ఆహా, ఒక్క అరుపు లేకుండా పిల్ల చదువుకోవడానికి వెళ్ళిందే అని మురిసిపోయాను! నా తెలివి తెల్లారినట్టే ఉంది. అది వెళ్ళింది వాళ్ళ నాయనమ్మకి ఫోన్ చేయడానికి.

ఆవిడ ఫోన్ చేసి చెప్పడంతో ముందు మా ఆయన ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చారు. వచ్చీ రాగానే నా నుదురు పట్టుకుని చూశారు. ఆ తర్వాత అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి నిమిరారు.

"నా కాడ ఏటీ దాసకు, అమ్మాయీ. డాక్టరు ఏటన్నాడు?"

"నాకు జబ్బేమీ లేదత్తయ్యా!"

"జబ్బు లేకపోతే ఆ మార్కులు తెచ్చిన పిల్లకి మైలో ఎందుకిచ్చినావు?"

మరిది గొంతు తగ్గించి, "వదినా, అన్నయ్యతో గొడవైనాదా? మాకు సెప్పండి లా" అన్నాడు, ఇక్కడి వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. మా ఆయన తప్పు చేసినవాడిలా బిక్కమొహం వేశారు. వీళ్ళని నమ్మిద్దామని మళ్ళీ నవ్వాను. అత్తగారు వెంటనే నా నుదుటిన ఇంత విభూతి పులిమారు.

ఇక నా వల్ల కాలేదు! "అక్కడ పిల్ల లెక్కల్లో యాభై రెండు తెచ్చుకుంటే, అదడగడం మానేసి నాకు విభూతి పెడతారా? అందరికీ మతిపోయిందా!" అని అరిచాను, కిటికీ అద్దాలు అదిరేలా.

మెట్ల మీద నక్కి వింటున్న హరిణి ఒక్క పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. వెక్కి వెక్కి ఏడుపు. "నీకేదో పెద్ద సిక్‌నెస్ వచ్చింది, నాకు చెప్పట్లేదు అనుకున్నా అమ్మా!"

ఎంత గొప్ప పెంపకమో చూడండి నాది! నేను నెమ్మదిగా మాట్లాడితే, తల్లికి రోజులు దగ్గరపడ్డాయని అనుకుంటోంది కన్నకూతురు.

దాని కళ్ళు తుడిచాను. అది ముక్కు ఎగబీల్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"ఇంకో పేపరుంది. సైన్స్. థర్టీ ఎయిట్. అప్పుడే ఇద్దామనుకున్నా, నువ్వు నవ్వుతుంటే భయమేసింది."

"ముప్పై ఎనిమిదా!"

ఆ కేకతో పిల్ల మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, "కారు తియ్యరా, కోడలు బాగానే ఉన్నాది" అన్నారు.