ఎర్ర ట్రాక్టరూ, ఉదయగిరి మేస్త్రీ

మొన్న నా స్కూటీకి గీతలు పడితే రంగు వేయిద్దామని ఆత్మకూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి పెయింటరు మిషను పెట్టి పాత రంగంతా పది నిమిషాల్లో లేపేశాడు. తెల్లగా బయటపడిన రేకును తాకబోయి, ఎవరో కసిరినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఏంది మేడం, షాక్ కొట్టిందా?" అని నవ్వాడతను. నన్ను కసిరింది ఉదయగిరి మేస్త్రి. ఆయన మా ఇంటికొచ్చి వెళ్ళి ఆరేళ్ళయినా ఆ భయం ఇంకా పోలేదు.

వరికుంటపాడు దగ్గర మా ఊళ్ళో నాయన ట్రాక్టరు ఒకటి ఉండేది. వయసులో నాకంటే పెద్దది. కొన్ననాడు ఎర్రగా ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి నీలం, ఆ తర్వాత ఎవరి సలహానో విని ఆకుపచ్చ. దుక్కి మానేసి కొట్టంలో చేరాక కోళ్ళు దాని సీటు మీద గుడ్లు పెట్టేవి. ఆరేళ్ళ కిందట నెల్లూరు డాక్టరు నాయన కళ్ళు చూసి, ఇవి నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను అనేశాడు. ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా తాగకముందే నాయన నన్నడిగింది ఒకటే. "దానికి ఎర్ర రంగు ఏపించమ్మా. చూపు ఉండంగానే ఒకసారి చూసుకుంటాను."

అట్లా వచ్చాడు మేస్త్రి. రెండు రోజుల్లో రంగు కొట్టి వెళ్ళిపోతాడనుకున్నాం. మొదటి రోజంతా ఆయనకు కిరసనాయిలుతో జిడ్డు కడగడమే సరిపోయింది. తర్వాత గీకుడు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఎరుపు, ఎరుపు కింద తుప్పు. ఇనుప బ్రష్షుతో రుద్ది, గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి ముంచి పామేవాడు. కాసేపటికోసారి కళ్ళు మూసుకుని అరచెయ్యి జరిపేవాడు. నా కంటికి నున్నగా కనిపించిన చోట ఆయన వేలు ఆగిపోయేది. "ఇక్కడ ఉండాది" అనేవాడు. గీకితే నిజంగానే ఆవగింజంత తుప్పు. నోరెళ్ళబెట్టి చూస్తూ నిలబడేదాన్ని. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "మా నాయన చెక్క చెంచాలు చేసేవాడు టీచరమ్మా. నోట్లో పెట్టుకునేది గదా, కంటికి నున్నగా ఉంటే చాలదు, నాలిక్కి ఉండాల. నాకు కళ్ళు మూసి చేతికిచ్చేవాడు" అన్నాడు. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ మనిషి ముందు బెంచీ మీద కూర్చోవాలనిపించింది.

నాయనకు మాత్రం ఓపిక లేదు. "పైన కొట్టెయ్ మేస్త్రీ, లోపల ఎవురు చూడొచ్చినారు?" అనేవాడు. "లోపల బాగలేకపోతే మూడో వానకే పొట్టు లేస్తాది అన్నా" అని ఆయన. మధ్యలో నేను నలిగిపోయాను. రోజూ పొద్దున్నే నాయన వాకిట్లో నిలబడి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పుకునేవాడు. అవి రోజురోజుకీ తగ్గిపోయేవి. చాలదన్నట్టు మా అమ్మ ఒక ఘనకార్యం చేసింది. మేం బాప్టిస్టులం, చెయ్యి పెట్టి చేస్తేనే ప్రార్థన అని అమ్మ నమ్మకం. మేస్త్రి అన్నానికి కూర్చున్నప్పుడు, అప్పుడే తలకు నూనె రాసుకున్న చేతిని, ఆయన తుడిచిపెట్టుకున్న మడ్గార్డు మీద ఉంచి నాయన కళ్ళ కోసం ప్రార్థించింది. ఆ సంగతి తెలియక మేస్త్రి దాని మీదే ప్రైమరు, అంటే రంగుకు ముందు పూసే పూత, కొట్టాడు. మర్నాటికి అది నూనె అంటిన ఐదు వేళ్ళ ఆకారంలో పొక్కిపోయింది. "దూరం నించి చేసినా దేవుడికి వినపడతాది గదమ్మా" అని మళ్ళీ మొదటినుంచి గీకాడు. ఇక నుంచి ఇనుము మీద ఎవరి చెయ్యీ పడకూడదని అందరికీ గట్టిగా చెప్పాడు.

చివరికి బానెట్టు మిగిలింది. దాని మూలన పాత పుట్టీ పెచ్చు ఊడి ఎప్పటిదో ఒక సొట్ట మళ్ళీ బయటపడింది. తుడవడం అయింది, ప్రైమరు డబ్బా మూత తీశాడు. అప్పుడే నాయన వచ్చి ఎదురుగా నిలబడి, "ఎరుపు ఏసినావా మేస్త్రీ?" అని అడిగాడు.

పట్టపగలు. వట్టి ఇనుము తెల్లగా మెరుస్తోంది. నేను మేస్త్రి వైపు చూశాను. మేస్త్రి బ్రష్షు పక్కన పెట్టి, నాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ ఇనుము మీద ఉంచాడు. చెమట చెయ్యి. నాయన మెల్లిగా నిమురుతూ పోయి సొట్ట దగ్గర ఆగాడు. వేళ్ళు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాయి.

"ఇది తుమ్మమానుకు గుద్దింది. మీ అమ్మను కాపరానికి తోలకొచ్చిన దినం. ట్రాలీలో కూర్చోనుండాది. ఎనక్కి తిరిగి ఆమెనే చూస్తా తోలినాను" అన్నాడు.

ఎద్దు పొడిచిందని అన్నేళ్ళుగా మాకు చెప్పిన సొట్ట అది. "బిడ్డ ముందర ఏం మాటలు అయ్యి" అని గొణుక్కుంటూ అమ్మ లోపలికి పోయింది. ఆ బిడ్డకు అప్పటికి యాభై దగ్గర పడ్డాయి.

"పుట్టీ పెట్టి కప్పేసేదా అన్నా?" అని మేస్త్రి అడిగాడు.

"వొద్దు. అట్నే ఉండనీ."

మేస్త్రి ఆ బానెట్టంతా మళ్ళీ రుద్ది తుడిచాడు. ఆ తర్వాత నాలుగో రోజుకు ట్రాక్టరు ఎర్రగా నిగనిగలాడింది. ఊరంతా వచ్చి చూసింది. నాయన చూడలేకపోయాడు. అంత ఆలస్యం చేసినందుకు మేస్త్రి మీద నాకు కోపం రావాలి, ఎంత వెతుక్కున్నా రాలేదు. ఉన్నన్నాళ్ళూ నాయన సాయంత్రం పూట వెళ్ళి ఆ సొట్ట మీద చెయ్యి వేసి నిలబడేవాడు. కాలం ఆయన కళ్ళలోంచి ఒక్కొక్కటీ తీసుకుపోయింది గానీ, పెళ్ళికూతుర్ని చూస్తూ వచ్చిన ఆ దారిని మాత్రం ఆయన వేళ్ళ కింద మర్చిపోయి వెళ్ళింది.