ఆటలాడని ఆటల డబ్బా

పోయిన వారం మా అమ్మాయి తన జీతంతో ఒక గేమ్ కన్సోల్ తెప్పించుకుంది. అట్టపెట్టె వచ్చిన రోజు నేను నల్లగండ్లలో మా ఫ్లాటులోనే ఉన్నాను, ఈమధ్య వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని కదా. తను దాన్ని విప్పి టీవీ పక్కన నిలబెట్టాక ఊరికే చేత్తో తడిమి చూశాను. ముందు, వెనక, పక్కన, ఎక్కడా డిస్కు దూర్చే సందు లేదు. అదేమిటమ్మా, మరి సినిమా ఎక్కడ పెడతావు అని అడిగితే, డిస్కులు ఇంకా ఎవరు వాడుతున్నారు నాన్నా, అన్నీ నెట్‌లోనే వస్తాయి కదా అని నా వైపు కాస్త జాలిగా చూసింది. సైబర్ టవర్స్ చుట్టూ ఇంకా రాళ్లూ రప్పలూ ఉన్నప్పుడు ఉద్యోగాల్లో చేరిన నా ఈడు వాళ్లకు ఆ సందు సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పుకోవలసింది మరొకటి ఉంది. అలాంటి డబ్బా ఒకటి మా ఇంట్లో ఉన్న రోజుల్లోనే మా బావగారి చూపు పోయింది. అది పోతున్నంత కాలమూ నేను ఆ డబ్బాను బాగుచేస్తూ కూర్చున్నాను.

అప్పుడు మేం మణికొండలో ఉండేవాళ్లం. మూడో అంతస్తులో నేనూ, నా భార్యా, అప్పుడే బడిలో చేరిన మా అమ్మాయీ, మా కిందనే రెండో అంతస్తులో అక్కా బావగారూ. మాది గోదావరి వైపు. బావగారు మాత్రం పక్కా ఇక్కడివారు, పుట్టింది ఈ నల్లగండ్లలోనే, ఇప్పుడు మా అపార్ట్‌మెంటు ఉన్నచోట జొన్నచేలు చూసిన మనిషి. ఈ రెండింటికీ ముడి ఎలా పడిందన్నది వేరే కథ, దాన్ని మా అక్క చెబితేనే అందం. ఆయన జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో స్టోర్సు చూసేవారు. నాది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు, అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం పుచ్చుకోవడం. బావగారు దానికి అత్తగారి ఉద్యోగమని పేరు పెట్టారు, వండేదొకరు, వంకలు పెట్టేది నువ్వు అని.

బావ అన్నవాడు బావమరిదిని ఆటపట్టించకపోతే ఆ వరసకే అర్థం లేదు కదా. ఆయన ఆ బాధ్యతను చాలా నిష్ఠగా నెరవేర్చేవారు. నా కారు పార్కింగు, నా సన్నబడే ప్రయత్నాలు, నేను హైదరాబాదు మాట మాట్లాడబోయి గోదావరి యాసలోకి జారిపోవడం, దేన్నీ వదిలేవారు కాదు. నేనూ తక్కువ తినలేదు, ఆయన స్కూటరు చప్పుడు మీదా, ఆయన నిద్ర మీదా నాకు తోచినవి నేను విసిరేవాణ్ని. అలా పదేళ్లు గడిచేసరికి ఒకరి మాట ఒకరు ఉన్నదున్నట్టు వినడం మాకు అలవాటు తప్పిపోయింది. ఆయన ఏమన్నా అందులో వేళాకోళం ఎక్కడుందో వెతుక్కునేవాణ్ని. నేను చేసిన తప్పుకు మొదలు అక్కడే ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరైనా ఆన్‌సైటు అనే విదేశీ డ్యూటీ ముగించుకుని అమెరికా నుంచి తిరిగి వస్తున్నారంటే, ఆ మనిషి సూట్‌కేసులో సగం అతనిది కాదు. ఒకరికి కెమెరా, ఒకరికి ల్యాప్‌టాప్, ఒకరి పిల్లలకు బొమ్మలు, ఇలా జాబితా మెయిల్లో వెళ్లేది, పాపం అతను తన బట్టలు అక్కడే వదిలి మా సరుకులు మోసుకొచ్చేవాడు. అలా నా పక్క సీటు మిత్రుడు నాకు తెచ్చిపెట్టిందే ఆ గేమ్ డబ్బా. నాకు ఆటలు రావు. మా ఇంట్లో ఎవరికీ రావు. కానీ అందులో బ్లూరే డిస్కు పెడితే విడిగా అమ్మే ప్లేయర్ల కంటే బొమ్మ బాగా వస్తుందని మా ఫ్లోరంతా ఒకటే నమ్మకం. ఆ నమ్మకంతో కొన్నవాళ్లం మా టీములోనే నలుగురం ఉన్నాం, ఒక్క ఆట డిస్కు కూడా ఎవరి దగ్గరా లేదు. అమెరికా డబ్బా కనుక అమెరికా డిస్కులే దానికి సరిపడేవి, ఇక్కడ కొన్నవాటిలో కొన్నింటిని నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. అందుకని ఉన్న పది పన్నెండు డిస్కులూ లంచ్ బ్యాగుల్లో పెరుగన్నం డబ్బా పక్కన ఒకరి నుంచి ఒకరికి ప్రయాణం చేసేవి. రిమోటు లేదు, రెండు చేతులా పట్టుకుని ఆడుకునే కంట్రోలరుతోనే సినిమా ఆపాలి, నడపాలి. అక్క దాన్ని ముట్టుకోవడానికే భయపడేది. ఆదివారం సినిమాకు కూర్చోగానే అప్‌డేట్ అడిగిందంటే, అప్పటి ఇంటర్నెట్‌తో, భోజనాలు చేసి చేతులు కడుక్కునే దాకా తెరమీద అది ఎంత దిగిందో చూపించే గీత నిండేది కాదు. ఆ గీతను అందరం కళ్లప్పగించి చూసేవాళ్లం, అదీ ఒక సరదాయే.

మొదటి ఆదివారం టిఫిన్లయ్యాక సముద్రాలూ పక్షులూ చూపించే ఒక డిస్కు పెట్టాను. మాటలు తక్కువ, బొమ్మే ఎక్కువ. బావగారు పేము కుర్చీలో వెనక్కి వాలి, ఏదో ఒకటి అందామనే వచ్చిన మనిషి, కన్నార్పకుండా చూశారు. ఒక కొంగ నీళ్లమీద నుంచి లేచినప్పుడు మాత్రం, "ఈకలు లెక్కవెట్టొచ్చు గదరా బామ్మర్ది" అన్నారు. ఆయన నా వస్తువును మెచ్చుకోవడం అదే మొదలు, ఆ వారమంతా ఆఫీసులో నేను ఆ మాటే చెప్పుకుని తిరిగాను.

తరవాత రెండు నెలలకో ఏమో, అదే డిస్కు, అదే కుర్చీ, ఆయన ముఖం చిట్లించి, "ఏందిరా, గీ బొమ్మ గిట్ల పొగ వట్టినట్టున్నదేంది. నీ అమెరికా డబ్బాకు మన దుమ్ము పడుతలేదు" అన్నారు. నాకు రోషం వచ్చింది. నా భార్యను అడిగాను, అక్కను అడిగాను, ఇద్దరికీ బొమ్మ అద్దంలాగా కనిపిస్తోంది. అయినా పరువు సంగతి కదా, మర్నాడే మంచి కేబులు తెచ్చి మార్చాను. పై ఆదివారం ఇంకా అలాగే ఉందన్నారు. సెట్టింగులు మార్చాను. కిటికీ వెలుగు పడుతోందేమోనని మందపాటి కర్టెన్లు కట్టాను. టీవీని వేరే గోడకు మార్చాను. ఇంకో వారం, తెరమీద నల్లచుక్కలు తిరుగుతున్నాయనీ, సాలీడు దారంలాంటిదేదో అటూ ఇటూ ఊగుతోందనీ అన్నారు. డిస్కు నలుగురి చేతులు మారుతోంది కదా, గీతలు పడ్డాయనుకుని నా కళ్లజోడు తుడుచుకునే గుడ్డతో మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు, ఎంత శ్రద్ధగా తుడిచానో. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, తుడవడం అయ్యే దాకా ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.

చివరికి డబ్బా తెచ్చిన మిత్రుణ్నే ఇంటికి పిలిచాను. అతనూ మా వృత్తివాడే. ఇద్దరం ఒక్కొక్కటే మార్చి, ఒక్కొక్కటే పరీక్షించాం. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఒక తప్పు ఉందని చెప్పి, అది మా మిషను మీద మాకు కనిపించకపోతే, మా దగ్గర రావడం లేదని రాసి ఆ ఫిర్యాదును మూసేస్తాం. బావగారి ఫిర్యాదునూ ఆ మాటే అని నవ్వుకుంటూ మూసేశాం. అన్నీ మార్చి చూశాం గాని, చూస్తున్న కళ్లను పరీక్షించాలని ఇద్దరు ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకు షుగరుందని నాకు తెలుసు. ఆయన స్కూటరు మానేసి కంపెనీ బస్సెక్కుతున్నారని తెలుసు, ట్రాఫిక్ అంటే నమ్మాను. పొద్దున్నే పేపరు అక్క చేత చదివించుకుంటున్నారని తెలుసు, దానిమీద ఏకంగా ఒక జోకే వేశాను, జమీందారుగారికి చదివిపెట్టే మనిషి కావాలా అని. ఆయన నవ్వారు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

బయటపడ్డది ఒక ఆదివారం పదకొండు గంటలప్పుడు. నేను టీవీ వెనక దూరి వైర్లు సర్దుతూ, బావా, తెరమీద ఏ నంబరు వచ్చిందో కాస్త చదవండి అన్నాను. అరచేతంత అంకెలు. ఆయన, "నీ ఇంగిలీషు నాకేమెరుక, నువ్వే సదువుకో" అన్నారు. రోజంతా ఇంగ్లీషు లేబుళ్లు చూసి సరుకు దింపించుకునే మనిషి ఆయన. నేను వేళాకోళమే అనుకున్నాను. మా వంటింట్లో నా భార్యతో కలిసి కూర తరుగుతున్న అక్క మాత్రం అనుకోలేదు. కత్తిపీట వదిలేసి వచ్చి ఆయన ముందు నిలబడి, "ఏవండీ, నా చీర ఏం రంగండీ" అని అడిగింది. ఆయన తల దించుకున్నారు. టీవీ వెనక నుంచి నేను వైరు చేత్తో పట్టుకునే లేచాను.

మర్నాడు కంటి దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. చుక్కలేసి, దీపాలు పట్టి చాలాసేపు చూసి, షుగరు వల్ల కంటి లోపల రక్తం కారి గడ్డకట్టిందనీ, ఎడమ కన్ను ఇక రాదనీ, కుడి కన్ను ఎంత నిలబడుతుందో చెప్పలేననీ అంది. చుక్కలూ దారాలూ ఎన్నాళ్ల నుంచి కనిపిస్తున్నాయని అడిగింది. మూడు నెలలన్నారు బావగారు. అప్పుడే లేజరు చేసి ఉంటే చాలా మట్టుకు ఆగేది కదా, ఇన్నాళ్లూ ఏం చేశారు అని ఆమె ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది. అక్కడ జవాబు చెప్పవలసింది నేను. డిస్కు తుడిచానండీ అని ఎలా చెప్పను. గోడమీద అక్షరాల పట్టీ ఉంది, దాని చిట్టచివరి వరస కూడా నాకు స్పష్టంగా కనిపిస్తోంది, అదే చూస్తూ నిలబడ్డాను.

ఆ తరవాత ఏడాదిన్నర మేం తిరగని దవాఖాన లేదు, వాడని మందు లేదు. సూదులు వేశారు, లేజర్లు చేశారు, ఒకసారి ఆపరేషనూ చేశారు. నీళ్లు దోసిట్లో పట్టుకుని నడిచినట్టే ఉండేది మా ప్రయాణం. ఎక్కడా ఒలకలేదనే అనుకునేవాళ్లం, చూస్తే చేయి ఖాళీ. కుడి కన్ను మెల్లగా వెలుగూ నీడా మాత్రం తెలిసేదాకా దిగజారి అక్కడ ఆగింది. ఉద్యోగం మానేశారు. డబ్బాను నేను ఎవరికిచ్చేశానో కూడా గుర్తు లేదు, అడిగినవాడికి ఇచ్చేశాను.

ఎన్నో ఏళ్లకు ఒకనాడు అక్క చెప్పింది. ఆయనకు మొదటి నుంచీ తన కళ్ల మీద అనుమానమేనట. స్టోర్సులో లేబుళ్లు అలుక్కుపోతున్నా, జీడిమెట్ల పొగకు కళ్లు మండుతున్నాయని సర్ది చెప్పుకునేవారట. తప్పు డబ్బాలోనే ఉందనీ, ఆదివారం నాటికి బామ్మర్ది ఏదో ఒకటి మార్చి బాగుచేస్తాడనీ వారమంతా ఎదురుచూసేవారట. నేను కేబులు మార్చిన రోజున మెట్లు దిగుతూ, ఈసారి కొంచెం నయమే అని అక్కతో అన్నారట. నయమెక్కడిది. ఆ మాట విన్నాక నేను ఏడ్చాను.

ఇప్పుడు మేం నల్లగండ్లకు మారాం, వాళ్లూ పక్క బ్లాకులోనే ఉన్నారు. బొమ్మల సంగతి చెప్పేదేముంది, అరచేతిలో ఫోనులోనే ఆనాటి డబ్బా కంటే మిన్నగా కనిపిస్తున్నాయి. ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో మూడు బొమ్మలు చూసుకుంటాం, ఒకరికి ఎలా కనిపిస్తోందో ఇంకొకరికి తెలియదు. అయినా ఆనాడు ఒకే గదిలో ఒకే తెర ముందు కూర్చుని మాత్రం ఏం తెలుసుకున్నాం అని నన్ను నేనే అడుక్కుంటాను. ఆదివారాలు బావగారు అక్క చేయి పట్టుకుని వస్తారు, సినిమా పెడితే వింటారు. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు. నా బట్టతల ఆయనకు కనపడకపోయినా దానిమీద కొత్తకొత్త మాటలు కడతారు, నా ఉద్యోగాన్ని ఇంకా అత్తగారి ఉద్యోగమే అంటారు, నేను వండిన ఉప్మాకు పేర్లు పెడతారు. ఒక్క ఆ మూడు నెలల మీద మాత్రం ఇంతవరకూ ఒక్క వేళాకోళమూ ఆడలేదు. నాలుగు తిట్లైనా తిడతారేమోనని, లేదూ ఆ తుడుపు గుడ్డ మీద ఒక మాటైనా విసురుతారేమోనని ప్రతి ఆదివారమూ ఎదురుచూస్తాను. విసిరితే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయన మా అమ్మాయి కొత్త డబ్బా గురించి కూడా ఏమీ అడగలేదు.